కుందేటికి మూడే రాళ్ళు

నేను కాటాలు బాగుచేస్తాను. కూరగాయల కొట్లో తక్కెడ దగ్గర్నుంచి గిడ్డంగిలో బస్తాలు తూచే పెద్ద కాటా దాకా, ముల్లు మాట వినకపోతే కబురు నాకే వస్తుంది. మా నాన్న చేసిన పనే ఇది. ఆయనకి కొడుకులు లేక నాకు నేర్పాడని అందరూ అనుకుంటారు. మా అన్నయ్య ఉన్నాడు, వాడికి ఓపిక లేక నాకు నేర్పాడు. వీధిలో నన్ను కాటామ్మ అంటారు. నేను ఐదడుగుల పదంగుళాల మనిషిని, గొంతు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది, కాబట్టి ఆ పేరు గౌరవమో వెటకారమో నా ఎదుట ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఊరందరి తూకాలూ సరిచేసే మనిషి, తన తూకం చూసుకోవడానికి మోకాళ్ళు మొరాయించేదాకా ఆగింది. తొంభై ఎనిమిది కిలోలు. మెట్లెక్కితే నాకంటే ముందు నా మోకాళ్ళ చప్పుడు వినిపించేది. డాక్టరమ్మ నా కార్డు చూసి, "ముందు డెబ్బై దగ్గరికి రండి, తర్వాత మాట్లాడుకుందాం" అంది. అంతకు ముందు రెండుసార్లు తగ్గాను. రెండుసార్లూ పోయిన బరువు ఒంటరిగా తిరిగి రాలేదు, చుట్టాల్ని వెంటబెట్టుకుని వచ్చింది. అందుకని ఈసారి పంతం పట్టాను. నా పంతం ఎలాంటిదో మా ఇంట్లోవాళ్ళని అడగండి.

మా కొట్లో దూలానికి వేలాడే ఓ పాత పెద్ద తక్కెడ ఉంది. ఒక పళ్ళెంలో బస్తా, ఇంకో పళ్ళెంలో రాళ్ళు. రాళ్ళంటే నిజం రాళ్ళు కావు, ఇనప దిమ్మలు, ఒక్కోటి ఇరవై కిలోలు. మా వృత్తిలో వాటిని రాళ్ళనే అంటాం. ఎనభై కిలోలకి దిగిన రోజున నాలుగు రాళ్ళు ఓ పళ్ళెంలో పెట్టి రెండో దాంట్లో నేను కూర్చున్నాను. అర కిలో, పావు కిలో, ఏ చిల్లర రాయీ వెయ్యకుండానే రెండు పళ్ళేల్నీ మోసే కాడ మట్టంగా నిలిచింది. ఇటు మనిషి, అటు నాలుగు రాళ్ళు, మధ్యలో చిల్లర లేదు. ఆ సుఖం కాటాలు చేసేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. మా ఆయన చప్పట్లు కొట్టాడు, నేను పళ్ళెంలోంచి దిగనని మారాం చేశాను.

అదే నా కొంప ముంచింది. డాక్టరమ్మ చెప్పిన డెబ్బై అంటే మూడు రాళ్ళూ, పైన పది కిలోల చిల్లర. అరవై అయితే అచ్చంగా మూడు రాళ్ళు. పదహారో నెలలో డెబ్బైకి వచ్చాక ఆవిడ నా భుజం తట్టి, "ఇక చాలు. తగ్గడం మీకు బాగా వచ్చేసింది, ఇప్పుడు ఆగడం నేర్చుకోండి" అంది. బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, మర్నాటి నుంచి రాత్రి భోజనం మానేశాను.

నిజం ఒప్పుకోవాలంటే, మూడు రాళ్ళ సరదా పైకి. లోపల ఉన్నది భయం. ఏం తినకూడదో, ఎంత నడవాలో, ఏ ఆదివారం కాటా ఎంత చూపించాలో తగ్గుతున్నన్నాళ్ళూ నాకు తెలుసు. ఆగాక ఏం చెయ్యాలో తెలియదు. మెట్లు దిగడం వచ్చు గానీ ఒక మెట్టు మీద నిలబడటం రాదు. నిలబడితే వెనక్కి జారతానని నా గట్టి నమ్మకం.

మా ఆయన బస్సు డ్రైవరు. పాతికేళ్ళు సీట్లో కూర్చుని నడుం పాడు చేసుకున్నాడు, ఐదు కిలోలకి మించి ఎత్తొద్దని ఆయనకి ఆజ్ఞ. మనిషి నెమ్మది, తిండి పారెయ్యడం చేతకాదు. నేను వదిలేసిన పళ్ళెం ప్రతిసారీ ఆయన ముందుకే జరిగేది. నేను పోగొట్టుకున్నదంతా ఎక్కడికీ పోలేదు, ఆయన బెల్టు మీదకే చేరింది. నేను అరవై అన్న రోజున ఆయన నోరు తెరిచాడు.

"డాక్టరమ్మ డెబ్బై అంది కదా?"

"ఆవిడకేం తెలుసు తూకం గురించి?"

"అంతేలే. ఎవరైనా తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు. నువ్వు పట్టిన కుందేటికి మూడే రాళ్ళు" అన్నాడు, నా గిన్నె ఖాళీ చేస్తూ.

మా అత్తగారు అంత నెమ్మది కాదు. మనిషి పిడికెడు, నోరు బుట్టెడు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. మోకాళ్ళ కోసం మొదలెట్టి మనిషినే అరగదీసుకుంటున్నావు" అనేది. ఓ రోజు నేను ఎండలో కూర్చుని కూడా స్వెట్టరు తీయకపోతే దగ్గరికొచ్చి, "ఊళ్ళోవాళ్ళని తిట్టేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకో అంటాం. నిన్ను బతిమాలాల్సి వస్తోంది. కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవే తల్లీ, అది ఎటో పోతోంది" అంది. నేను కసిరాను. ఆ రోజుల్లో అందర్నీ కసిరేదాన్ని. దువ్వెనకి జుట్టు వస్తోందన్నా కసిరాను, దువ్వెన్ని కూడా కసిరాను.

వీధి నాకు ముందే చెప్పింది, నేనే వినలేదు. డెబ్బై దాకా అందరూ "సన్నబడ్డావే!" అన్నారు. తర్వాత్తర్వాత మాట మారింది. "చిక్కిపోయావే" అనడం మొదలుపెట్టారు. నిఘంటువులో రెండూ పక్కపక్కనే ఉంటాయేమో గానీ, సన్నబడ్డావన్నవాళ్ళు ఎలా సన్నబడ్డావని అడుగుతారు, చిక్కిపోయావన్నవాళ్ళు ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. నాకు రెండూ మెచ్చుకోలుగానే వినిపించాయి.

ఏడాదికోసారి గిడ్డంగిలో పెద్ద కాటాకి పరీక్ష ఉంటుంది. తూనికల ఇన్‌స్పెక్టరు గారు ఎదుట నిలబడి చూస్తారు. కాటా పీట నాలుగు మూలలా, నడిమధ్యలో, చోటుకి ఐదు చొప్పున మొత్తం ఇరవై ఐదు రాళ్ళు పెట్టాలి. ఒక్కోటీ గీత మీద, చప్పుడు కాకుండా, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇరవై ఐదూ నా చేతులతోనే పెడుతున్నాను. నేను మోకాళ్ళు బాగుచేసుకున్నదే దీనికోసం. ఇనప చెయ్యి ఉన్న బండి తెచ్చి మేం చేస్తామని ఇంకో కంపెనీవాళ్ళు గిడ్డంగి చుట్టూ తిరుగుతున్నారు. నేను ఎత్తలేని రోజున ఆ పని వాళ్ళది. పని పోతే ఇంకో పని దొరుకుతుంది. ఆ రాళ్ళు ఎత్తని కాటామ్మ ఎవరో మాత్రం నాకు తెలియదు.

పరీక్ష రోజున పొద్దున నా బరువు అరవై మూడు కిలోల ఏడొందల గ్రాములు. ఆ అంకె చూసుకుని ఈల వేసుకుంటూ, సగం ఆపిల్ తిని బయల్దేరాను. మా ఆయన సెలవు పెట్టి వ్యాను నడిపాడు. తోపుడు బండి మీద రాళ్ళు కాటా దాకా తోసుకొచ్చేది ఆయన, ఎత్తేది నేను.

మొదటి ఐదూ పెట్టాను. ఆరో రాయికి చెవుల్లో హోరు మొదలైంది. ఏడోదానికి వేళ్ళు నావి కాకుండా పోయాయి. ఎనిమిదోది చేతుల్లోంచి జారి నా పాదానికి జానెడు దూరంలో పీట మీద పడింది. ఆ చప్పుడుకి గిడ్డంగిలో పావురాలన్నీ లేచాయి. మా ఆయన నా కాళ్ళ వంక చూసి, రాయి వంక చూసి, దాన్ని ఎత్తబోయాడు.

"మీ నడుం!" అని అరిచాను.

"నా నడుం సంగతి తర్వాత, ముందు నువ్వు కూర్చో!" అని ఆయన నాకంటే గట్టిగా అరిచాడు. పాతికేళ్ళ కాపురంలో మొదటిసారి. అరుపు విన్నందుకే బస్తా మీద కూర్చుండిపోయాను.

గిడ్డంగి మేనేజరు కొత్తగా వచ్చిన మనిషి, కాటాల సంగతి తెలియదు. రాయి పడిన అదురుకి కాటా ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే కంగారు పడ్డాడు.

"ఏమండీ, ముల్లు ఊగిపోతోంది. కాటా పాడైపోయిందా?"

ఒంట్లో ఓపిక లేకపోయినా వృత్తి విషయంలో నా నోరు ఊరుకోదు. "పాడవలేదండీ. ఊగి ఊగి అదే నిలబడుతుంది. అసలు ఊగని ముల్లుని చూసి భయపడాలి. కదలకుండా ఒకే అంకె చూపిస్తోందంటే లోపల ఎక్కడో ఇరుక్కుపోయినట్టు."

"నిలబడినా సరిగ్గా గీత మీదకి రాలేదు కదా. రెండు సన్న గీతలు ఇటున్నా పర్లేదా?"

"ఈ కాటాకి అటు రెండొందల గ్రాములు, ఇటు రెండొందల గ్రాములు ఒప్పుకుంటాం."

"మరి వీటిల్లో సరైన అంకె ఏది?"

"ఆ రెండిటి మధ్య ఎక్కడున్నా సరైనదేనండీ. ఒక్క అంకె మీదే నిలబడమని కాటాని వేధించకూడదు. అలా నిలబడే కాటా ప్రపంచంలో లేదు."

మా ఆయన నీళ్ళ సీసా మూత తిప్పుతూ, "ఆ మాట ఇంకోసారి చెప్పు" అన్నాడు.

నేను చెప్పలేదు. ఒకసారి విన్నది చాలు. ఇనప ముక్కలకి ఇచ్చిన ఆ కాస్త వెసులుబాటు నా ఒంటికి నేను ఇవ్వలేదు. మేనేజరు గారికి కాటా గురించి చెబుతున్నానని మొదలుపెట్టి నన్ను నేనే చివాట్లు పెట్టుకున్నాను. సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది, నవ్వడానికి కూడా ఊపిరి చాల్లేదు.

ఇన్‌స్పెక్టరు గారు రిటైర్మెంటుకి దగ్గరపడిన పెద్దావిడ, మా నాన్నని కూడా ఎరుగును. కాగితాలు మూసేసి, "ఆరు వారాలు గడువు రాస్తున్నాను. ఆ రోజుకి కూడా ఇరవై ఐదూ పెట్టలేకపోతే వేరేవాళ్ళని పిలుచుకోమని గిడ్డంగికి చెప్పాల్సి ఉంటుంది. నాకు ఇష్టం లేదమ్మా, అందుకే ముందే చెబుతున్నాను" అంది.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"నా తేడా ఎంతో రాసివ్వండి" అన్నాను.

"ఏం తేడా?"

"అటు ఎంత, ఇటు ఎంత ఒప్పుకుంటారో చెప్పండి. ఒక్క అంకె మీద నిలబడటం నా వల్ల కాదు. ఏ కాటా వల్లా కాదు."

ఆవిడ కలం పక్కన పెట్టి పడీపడీ నవ్వింది. తర్వాత కుర్చీ నా వైపు జరిపి పాఠం చెప్పినట్టు చెప్పింది. చలి పోవాలి, నిద్ర పట్టాలి, జుట్టు రాలడం ఆగాలి, మోకాళ్ళు నొప్పి అనకూడదు, నా పని నేను చేసుకోగలగాలి. ఇవన్నీ ఏ బరువు దగ్గర కుదురుతాయో అదే నా చోటు. "అరవై ఎనిమిది నుంచి డెబ్బై ఒకటి దాకా ఎక్కడున్నా నేను సంతకం పెడతాను. వారానికి ఒక్కసారే తూచుకోండి. డెబ్బై ఒకటి దాటితే కాస్త తగ్గించండి, అరవై ఎనిమిది కిందకి దిగితే కాస్త పెంచండి. అంతే. దీనికి ముగింపు ఉండదు, పండగా ఉండదు, రోజూ చేసుకునే పనే" అంది. తిండి ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా పెంచమంది, బరువులెత్తే కసరత్తు చెయ్యమంది. బరువులకి మా ఇంట్లో కొరతా?

చెప్పినంత తేలిగ్గా జరగలేదు. మొదటి వారం పొద్దున రెండు గుడ్లు, రాత్రి ఓ రొట్టె అదనంగా తిన్నాను. ఆదివారం తూచుకుంటే కిలో పైన వంద గ్రాములు పెరిగింది. పదహారు నెలలకి పైగా దిగుతూ వచ్చిన అంకె పైకి తిరిగింది. ఇంకేముంది, పాత చుట్టాలందరూ గుమ్మంలోకి వచ్చేశారనుకున్నాను. కొట్లో కూర్చుని ఏడ్చేశాను.

మా అత్తగారు పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చింది. "కిలోకే ఏడుపా! ఆ కిలో నీదే కదే, పక్కింటివాళ్ళది కాదు కదా" అంది.

"ఇవాళ కిలో, రేపు పది. నాకు ఆగడం రాదు అత్తయ్యా. పైకైనా అంతే, కిందకైనా అంతే."

మా ఆయన చెప్పులు విప్పి, పెద్ద తక్కెడ పళ్ళెంలో ఎక్కి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ పళ్ళెం దబ్బున నేలకి ఆనింది. "రా. రెండో దాంట్లో కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను. నా పళ్ళెం గాల్లోనే ఉంది, కాళ్ళు నేలకి అందలేదు.

"చూశావా? తొంభై ఐదు. డాక్టరమ్మ నిన్ననే నాక్కూడా చెప్పింది. ఎనభై రెండు, ఎనభై ఆరు మధ్య ఎక్కడున్నా పర్లేదట. నాకు తగ్గడం రాదు, నీకు ఆగడం రాదు. చెరొకటీ ఒకరికొకరం నేర్పుకుందాం. నువ్వు ఆదివారం తూచుకునేటప్పుడు నేనూ పక్కన ఉంటాను. నీది పెరిగితే నువ్వు ఒక్కదానివే చూడక్కర్లేదు."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. గాల్లో వేలాడుతూనే ముక్కు తుడుచుకున్నాను. ఈలోగా మా అత్తగారు, "కోడలు గాల్లో ఊగుతుంటే చూస్తూ ఊరుకుంటానా" అంటూ స్టూలెక్కి నా పళ్ళెంలోకి దూరింది. ఆవిడ నలభై కిలోలుంటుంది. తక్కెడ ఆవిడ మాటే విన్నది. మేం ఇద్దరం దబ్బున కిందికి దిగాం, మా ఆయన బాసింపట్టుతో సహా పైకి లేచి, "అమ్మా! అమ్మా! నెమ్మది!" అని కేకలు పెట్టాడు. మా అత్తగారు నా మెడ పట్టుకుని నవ్వుతోంది, నేను ఆవిడ నడుం పట్టుకుని నవ్వుతున్నాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆ నవ్వులో పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన సంగతి కూడా ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత కూడా భయం వచ్చేది, ఒంటరిగా మాత్రం రాలేదు. మూడో ఆదివారం నాది ఆరొందల గ్రాములు పెరిగితే ఆయనది ఆరొందలు తగ్గింది. లెక్క కుదిరిందని ఆయన చెయ్యి కలిపాడు. నాలుగో వారం నాది కదల్లేదు, కదల్లేదేమని నేనే చిరాకు పడ్డాను. అప్పుడు తెలిసింది, దారి మారిందని. రోజు విడిచి రోజు ఒక రాయి ఎత్తి దించేదాన్ని, మొదట ఐదుసార్లు, తర్వాత పది. ఐదో వారంలో స్వెట్టరు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. దువ్వెనతో రాజీ కుదిరింది. ఆరో ఆదివారం అరవై ఏడున్నర దగ్గరున్నాను. గీత లోపలికి ఇంకా అరకిలో దూరం. ఉంటే ఉండనీ అనుకున్నాను. నా నోట "ఉండనీ" అన్న మాట విని మా అత్తగారు నా నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

రెండోసారి గిడ్డంగికి వెళ్ళేసరికి ఇనప చెయ్యి బండివాళ్ళ మనిషి ఒకడు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు కుర్చీ వేయించుకుంది. మేనేజరు గారు ఈసారి పలకలేదు.

మొదటి మూలకి ఐదు. రెండో మూలకి ఐదు. ఎనిమిదో రాయి దగ్గర నా చేతులు గతాన్ని గుర్తు చేసుకోబోయాయి, నేను ఒప్పుకోలేదు. మూడో మూల కూడా అయింది. చెమట పడుతోంది. పాతికేళ్ళ వయసులో పట్టేలాంటి మంచి చెమట. పద్దెనిమిదో రాయి గీత మీద పెట్టి నడుం నిఠారు చేసి, అలాగే ఆగిపోయాను.

మా ఆయన ముఖం పాలిపోయింది. "ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?"

ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలోంచి సగం లేచింది. గేటు దగ్గరి మనిషి చేతులు విప్పాడు.

"కాదు" అన్నాను. "ఆకలేస్తోంది."

నా మాట నాకే కొత్తగా వినిపించింది. పదహారు నెలలూ, ఆపైన ఆ పంతపు నెలలూ, ఎవరడిగినా లేదన్నాను. అర్ధాకలితో ఉన్నప్పుడూ లేదన్నాను, కడుపు మెలిపెడుతున్నప్పుడూ లేదన్నాను. ఇప్పుడు నలుగురి ముందూ, గిడ్డంగి దద్దరిల్లేలా చెప్పాను. సిగ్గు వెయ్యలేదు. ఏదో బహుమతి వచ్చినంత సంతోషం వేసింది. మా ఆయన వెంట తెచ్చిన రొట్టెల డబ్బా మూత తియ్యబోయి, కింద పడేసుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు గడియారం చూసి, "పావుగంట విరామం. కాగితంలో రాసుకుంటున్నాను, కారణం ఆకలి" అంది.

మిగిలిన ఏడు రాళ్ళూ ఆ తర్వాత పెట్టాను, ముద్ర పడింది, గేటు దగ్గరి మనిషి ఇంటికి పోయాడు. కానీ నన్నడిగితే ఆ రోజంటే ఆ పావుగంటే. ఎక్కడికో వెళ్ళి కూర్చునే ఓపిక లేక అక్కడే, కాటా పీట అంచు మీదే కూలబడి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని రొట్టె తుంచాను. వెనక ఏదో కదిలినట్టుంది, అంతసేపూ నోరు కట్టుకున్న మేనేజరు గారు ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏమండీ, మీరు కూర్చునేసరికి ముల్లు అటు జరిగిపోయిందండీ!"

"జరగదూ మరి?" అన్నాను, నోటి నిండా రొట్టెతో, వెనక్కి తిరిగి చూడకుండానే. "నేనున్నాను కదా!"